ఇంగ్లీషులో 'వెలి' మాటలు: ఏది ఎక్కడ వాడాలి, అసలు ఎక్కడి నుంచి వచ్చింది

తెలుగులో 'బహిష్కరించారు' అన్న ఒక్క మాటతో ఎన్ని పనులైనా కానిచ్చేయొచ్చు. పార్టీ నుంచి బహిష్కరణ, నగర బహిష్కరణ, దేశ బహిష్కరణ, పోలింగ్ బహిష్కరణ, సభా బహిష్కరణ. చివరి రెండింటిలో అసలు ఎవరినీ ఎక్కడి నుంచీ పంపలేదు, వెళ్లాల్సినవాళ్లే వెళ్లడం మానేశారు. అయినా మాట మారలేదు. ఇంగ్లీషులో రాయాల్సి వచ్చినప్పుడు చిక్కంతా ఇక్కడే. పార్టీ నుంచి అయితే ఎక్స్‌పెల్, నగరం నుంచి అయితే బానిష్, దేశం నుంచి అయితే ఎక్సైల్ లేదా డిపోర్ట్, పోలింగ్‌ను అయితే బాయ్‌కాట్. ఒకదాని చోట ఇంకొకటి పడితే అర్థమే తిరగబడుతుంది. ఒకణ్ణి డిపోర్ట్ చేశారని రాస్తే అతను పరాయి దేశస్థుడని చెప్పినట్టు. ఎక్సైల్ చేశారంటే సొంత దేశమే కాదనుకున్నట్టు.

ఈ మాటలను అర్థాల జాబితాగా బట్టీ పడితే నిలవవు. ఒక్కోదాని పుట్టుక తెలిస్తే ఎక్కడ వాడాలో అదే చెబుతుంది. అయితే కొన్నింటిలో పుట్టుకే తప్పుదోవ పట్టిస్తుంది. అవేమిటో కూడా తెలిసి ఉండాలి.

ముందు మూడు ప్రశ్నలు

ఏ మాట వాడాలో తోచనప్పుడు వరసగా ఇవి అడగాలి. ఎక్కడి నుంచి పంపారు: దేశమా, ఇల్లా, ఉద్యోగమా, గుంపా? ఏ అధికారంతో పంపారు: కోర్టా, ప్రభుత్వమా, మత పెద్దలా, తోటివాళ్ల మౌనమా? తిరిగి రావడానికి దారి ఉందా? చాలాసార్లు మొదటి రెండింటితోనే పని అయిపోతుంది. మూడోది మాత్రం స్కూళ్లు, యూనివర్సిటీల మాటల్లో ప్రాణం లాంటిది. సస్పెండ్ అంటే మళ్లీ రావచ్చు, ఎక్స్‌పెల్ అంటే ఇక రాకూడదు. ఈ రెండింటి మధ్య నలిగేది రస్టికేట్. లాటిన్‌లో 'రూస్' అంటే పల్లె. రస్టికేట్ అంటే పల్లెకు పంపడం. ఆక్స్‌ఫర్డ్‌లో ఇది కొంతకాలానికే, గడువు తీరాక వెనక్కి రావచ్చు. పూర్తిగా పంపేస్తే అక్కడ 'సెంట్ డౌన్' అంటారు. మనవాళ్లు రస్టికేట్ అనగానే చదువు అయిపోయినట్టే అనుకుంటారు. కాబట్టి బయటివాళ్లు చదివే ఉత్తరంలో ఈ మాట రాస్తే ఎంతకాలమో కూడా పక్కన రాయడం మంచిది.

మాటను విడగొట్టే పద్ధతి

మొదట ముందు భాగం చూడాలి. 'ఎక్స్' అంటే లాటిన్‌లో బయటికి. అచ్చులకు ముందు, సి, పి, టి లాంటి హల్లులకు ముందు అది ఎక్స్‌గానే ఉంటుంది: ఎక్స్‌పెల్, ఎక్స్‌ట్రడైట్. జె, వి, ఎల్, ఎమ్ లాంటివాటి ముందు అరిగిపోయి ఉత్త 'ఇ' అక్షరంగా మిగులుతుంది: ఇజెక్ట్, ఎవిక్ట్, ఎలిమినేట్, ఎమిట్. ఆ ఒంటి అక్షరంలో 'బయటికి' దాక్కుని ఉందని గమనించకపోతే మాట మధ్యకు విరిగి అర్థం జారిపోతుంది. 'డి' ఉపసర్గ ఒకచోటి నుంచి దూరంగా అనీ, 'రి' వెనక్కి అనీ చెబుతాయి.

తర్వాత క్రియ. ఎక్స్‌పెల్‌లో ఉన్నది 'పెల్లెరె', అంటే నెట్టడం, తరమడం. దీని భూతకాల రూపం 'పుల్సుస్'. అందుకే క్రియలో 'పెల్' అని ఉన్నది నామవాచకంలో 'పల్షన్' అవుతుంది. ఎక్స్‌పెల్‌కు ఎక్స్‌పల్షన్, రిపెల్‌కు రిపల్షన్, కంపెల్‌కు కంపల్షన్, ప్రొపెల్‌కు ప్రొపల్షన్. నాడి కొట్టుకోవడాన్ని పల్స్ అనడమూ ఈ పుల్సుస్ వల్లనే. ఈ ఒక్క జత గుర్తుంటే నాలుగు మాటల స్పెల్లింగు దానంతటదే వస్తుంది. ఒక హెచ్చరిక: ఎక్స్‌పెల్‌కు చివర ఒక్క ఎల్ చాలు, ఎక్స్‌పెల్డ్, ఎక్స్‌పెల్లింగ్ అన్నప్పుడు మాత్రం రెండు ఎల్‌లు రావాలి. ఎక్కువమంది తప్పు రాసేది ఇక్కడే.

ఇజెక్ట్‌లో ఉన్నది 'యకెరె', విసరడం. రిజెక్ట్ అంటే వెనక్కి విసరడం, ఇంజెక్ట్ అంటే లోపలికి, ప్రాజెక్ట్ అంటే ముందుకు. అబ్జెక్ట్ పావర్టీ (కటిక దారిద్ర్యం) అన్నప్పటి అబ్జెక్ట్ అంటే విసిరిపారేసినది. ఇజెక్ట్‌లో వేగం ఉంటుంది, శరీరాన్నో వస్తువునో ఒక్క ఊపున బయటికి గెంటడం ఉంటుంది. మ్యాచ్ నుంచి ఆటగాణ్ణి, విమానం నుంచి పైలట్‌ను, యంత్రం నుంచి డిస్కును ఇజెక్ట్ చేస్తారు. అద్దెకున్నవాణ్ణి కోర్టు ద్వారా ఖాళీ చేయిస్తే మామూలుగా ఇజెక్ట్ అనరు.

దానికి ఎవిక్ట్ ఉంది. ఇందులో నెట్టడమూ లేదు, విసరడమూ లేదు. 'వింకెరె' అంటే గెలవడం. విక్టర్, విక్టరీ, కన్విక్ట్ అన్నీ ఈ కుదురువే. ఎవిక్ట్‌కు మొదట్లో అర్థం, న్యాయస్థానంలో గెలిచి ఆస్తిని తిరిగి రాబట్టుకోవడం. మనిషిని పంపడం ఆ గెలుపు వెంట వచ్చిన ఫలితం. అందుకే ఇవాళ్టికీ ఎవిక్షన్ అనగానే నోటీసు, గడువు, ఉత్తర్వు వాసన కొడుతుంది. అర్ధరాత్రి వచ్చి సామాన్లు వీధిలో పడేస్తే అది 'ఇల్లీగల్ ఎవిక్షన్' అని విశేషణం తగిలించి చెప్పాల్సిందే.

గడప, పొలిమేర

ఎలిమినేట్‌లో చివరి ముక్క 'లీమెన్'. అంటే గడప. ఎలిమినేట్ అంటే అచ్చంగా గడప దాటించడం, ఇంటి బయటికి పంపడం. పోటీలో ఓడినవాళ్లను ఎలిమినేట్ చేశారన్నప్పుడు ఈ పాత బొమ్మ ఇంకా చెక్కుచెదరలేదు: వాళ్లు బతికే ఉన్నారు, లోపల మాత్రం లేరు. గూఢచారుల భాషలో మాత్రం అదే మాటకు చంపడం అని అర్థం. గడప ఏదో సందర్భమే చెప్పాలి.

ఎక్స్‌టర్మినేట్ ఇంకాస్త దూరం నడిచింది. 'తెర్మినుస్' అంటే సరిహద్దు, పొలిమేర. పొలిమేర దాటేలా తరమడమే దాని మొదటి అర్థం. ఇప్పుడు ఒక్కటీ మిగలకుండా చంపడం. చెదపురుగులకు చెల్లుతుంది. మనుషుల గుంపు గురించి వాడితే సామూహిక హత్య అని చెప్పినట్టే. పుట్టుక చూసి 'ఊరి బయటికి పంపారు' అన్న అర్థంలో ఎవరైనా వాడితే ఘోరమైపోతుంది. మూలార్థం గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తుంది తప్ప వాడడానికి అనుమతి కాదు.

ఇలా అర్థం మారిన మాట ఇంకొకటి ఎక్స్‌పాట్రియేట్. 'పాత్రియా' అంటే పితృదేశం. క్రియగా దేశం నుంచి వెళ్లగొట్టడం అనే మొదలైంది. ఇప్పుడు జీతం కోసమో సరదాకో పరాయి దేశంలో ఉండేవాణ్ణి అలా పిలుస్తున్నారు. దీన్ని 'ఎక్స్ పేట్రియట్' అని విడదీసి రాస్తే మాజీ దేశభక్తుడని తిట్టినట్టు అవుతుంది.

దేశం దాటించే మాటలు

ఎక్సైల్‌కు మూలం లాటిన్ 'ఎక్సుల్', దేశం కోల్పోయినవాడు. రోమన్లు దీన్ని 'సోలుమ్', అంటే నేల, అన్న మాటతో ముడిపెట్టి నేల నుంచి బయటపడ్డవాడని చెప్పుకున్నారు. వినడానికి బాగుంటుంది కానీ భాషా శాస్త్రజ్ఞులు ఒప్పుకోలేదు. ఎక్సైల్ మనిషికీ పేరే, ఆ స్థితికీ పేరే, క్రియ కూడా. స్థితి అయితే 'ఇన్ ఎక్సైల్', ముందు ఆర్టికల్ రాదు. మనిషి అయితే 'ఆన్ ఎక్సైల్'. ఎక్సైలర్ అని రాసేవాళ్లున్నారు, దాని అర్థం పంపినవాడు.

డిపోర్ట్‌లో ఉన్నది 'పోర్తారె', మోయడం. ఎత్తుకెళ్లి దించి రావడం. నడవడికను డిపోర్ట్‌మెంట్ అనడం కూడా ఈ వేరు నుంచే, తనను తాను మోసుకునే తీరు కాబట్టి. డిపోర్టేషన్, డిపోర్ట్‌మెంట్ తారుమారైతే నవ్వులపాలు.

రోమ్ సామ్రాజ్యంలో రెండు శిక్షలుండేవి. 'దెపోర్తాతియో' పడితే పౌరసత్వమూ ఆస్తీ రెండూ పోతాయి, చాలావరకు ఏదో దీవికి చేరుస్తారు. 'రెలెగాతియో' తేలిక రకం: దూరం పంపుతారు, పౌరసత్వం ఉంచుతారు. క్రీ.శ. 8లో కవి ఓవిడ్‌ను నల్ల సముద్రం ఒడ్డున తోమిస్‌కు, అంటే ఇప్పటి రుమేనియాలోని కాన్‌స్టాన్‌సాకు పంపినప్పుడు పడింది ఈ రెండోదే. అక్కడి నుంచి రాసిన కవితల్లో ఆయన తనను ఎక్సుల్ అనొద్దు, ఆజ్ఞలో ఉన్నది రెలెగాతుస్ అన్న మాటే అని పట్టుబట్టాడు. చలిలో వణుకుతూ కూడా మాటల తేడా వదల్లేదు! ఆ మాటే ఇంగ్లీషులో రెలిగేట్. ఫుట్‌బాల్ లీగ్‌లో అడుగున నిలిచిన జట్టును కింది డివిజన్‌కు రెలిగేట్ చేస్తారు. ఆట ఆగదు, సభ్యత్వం పోదు, మెట్టు మాత్రం దిగుతుంది. ఓవిడ్ కాలపు అర్థం ఇక్కడ దాదాపు చెక్కుచెదరలేదు. రెలిగేట్ తర్వాత 'టు' రావాలి, ఎక్కడికి దించారో చెప్పాలి.

డిపోర్ట్‌కూ ఎక్స్‌ట్రడైట్‌కూ తేడా తేలిక. డిపోర్ట్ అంటే ఈ దేశంలో నువ్వు ఉండొద్దు. ఎక్స్‌ట్రడైట్ అంటే ఆ దేశం నిన్ను అడుగుతోంది, అప్పగిస్తున్నాం. రెండోదానిలో ఉన్న 'త్రాదిత్యో' అన్న ముక్కకు చేతికి అందించడం అని అర్థం, ట్రెడిషన్ కూడా తరం నుంచి తరం చేతికి అందేదే. ఎక్స్‌ట్రడిషన్ అన్న నామవాచకం ముందు పుట్టింది, దాన్ని కత్తిరించి ఎక్స్‌ట్రడైట్ అన్న క్రియ చేసుకున్నారు.

చాటింపు కుటుంబం

బానిష్ లాటిన్ కాదు. జర్మానిక్ మూలం ఫ్రెంచ్ మీదుగా వచ్చింది. దాని అడుగున ఉన్న 'బాన్' అన్నదానికి నలుగురిలో చాటడం, ఆజ్ఞ వేయడం అని అర్థం. అంటే చాటింపు వేసి పంపడం. ఒక్క ఈ ముక్క పట్టుకుంటే గుత్తి మొత్తం ఊడి వస్తుంది. బాన్ అంటే నిషేధపు చాటింపు. బాండిట్ ఇటాలియన్ 'బందితో' నుంచి వచ్చింది, పేరు చాటించి వెలివేసినవాడు. అలాంటివాడు అడవిపట్టి దారులు కొట్టేవాడు కాబట్టి బందిపోటు అర్థం స్థిరపడింది. కాంట్రాబాండ్ అంటే చాటింపుకు విరుద్ధమైన సరుకు. చర్చిలో పెళ్లి ప్రకటనను బాన్స్ అంటారు. అబాండన్ అంటే మొదట ఇంకొకరి అధికారానికి అప్పజెప్పడం, తర్వాతే వదిలేయడం. ఇక బనాల్: ప్రభువు ఆజ్ఞ ప్రకారం ఊరంతా వాడి తీరాల్సిన పిండిమర, రొట్టెల పొయ్యి బనాల్. అందరిదీ అయింది కాబట్టి కొత్తదనం లేనిది, చప్పిడిది అన్న అర్థం వచ్చింది.

వాడుకలో బానిష్‌కు రాజుగారి గొంతు ఉంది. ఇవాళ్టి వార్తల్లో వాడితే కాస్త నాటకీయంగా వినిపిస్తుంది. భయాన్నో ఆలోచననో బానిష్ చేయడం మాత్రం మామూలు వాడుకే.

అవుట్‌లా పాత స్కాండినేవియా భాష అయిన నార్స్ నుంచి వచ్చింది. చట్టం బయట పడ్డవాడు. మధ్యయుగాల ఇంగ్లండ్‌లో అలాంటివాణ్ణి 'వుల్ఫ్స్ హెడ్', తోడేలు తల, అనేవారు. తోడేలును చంపితే ఎలా అడగరో వాణ్ణి చంపినా అంతే. సివిల్ కేసుల్లో అవుట్‌లా ప్రకటన 1879లో రద్దయింది, క్రిమినల్ కేసుల్లో 1938 దాకా పుస్తకాల్లో ఉంది. ఇప్పుడు క్రియగా వస్తువును, పద్ధతిని నిషేధించడమే: పొగతాగడాన్ని అవుట్‌లా చేశారు.

ప్రోస్క్రైబ్ కూడా చాటింపు లాంటిదే, కాకపోతే రాతలో. క్రీ.పూ. 82లో రోమ్‌లో సుల్లా అనే సేనాని తన శత్రువుల పేర్లు రాయించి బహిరంగంగా పెట్టించాడు. పేరు ఉన్నవాణ్ణి చంపినవాడికి బహుమతి, ఆస్తి జప్తు. ఇప్పుడు సంస్థలను నిషేధిస్తే ఆ మాట వాడతారు. ప్రిస్క్రైబ్‌లో ఉన్న ఇ అక్షరం బదులు ఓ పడితే డాక్టరు రాసిచ్చిన మందు కాస్తా డాక్టరు నిషేధించిన మందు అవుతుంది. ప్రూఫ్ చూసేటప్పుడు స్పెల్‌చెక్ దీన్ని పట్టదు, రెండూ ఉన్న మాటలే.

గుంపు వేసే వెలి

ఆస్ట్రసైజ్ వెనక ఒక కుండపెంకు ఉంది. గ్రీకులో 'ఓస్త్రకోన్' అంటే పెంకు. ఏథెన్స్‌లో ఏటా సభను ఒక్క ప్రశ్న అడిగేవారు: ఈ ఏడాది ఎవరినైనా పంపుదామా? అవునంటే కొన్ని వారాల తర్వాత అగోరాలో, అంటే ఊరి నడిమి సంతలో, కంచె కట్టి ఓటు పెట్టేవారు. పెంకు మీద పేరు గీకి వేయాలి. ఈజిప్టు నుంచి వచ్చే పాపిరస్‌కు డబ్బు పెట్టాలి, పగిలిన కుండలు ఊరికే దొరుకుతాయి. లెక్క చెల్లాలంటే 6,000 ఓట్లు కావాలి. ఎక్కువ పెంకుల మీద పేరు వచ్చినవాడు 10 రోజుల్లో ఊరు విడవాలి, 10 ఏళ్లు రాకూడదు. ఆస్తి ఎక్కడికీ పోదు, పౌరసత్వమూ అంతే. నేరం మోపరు, వాదన వినరు. మొదటిది క్రీ.పూ. 487లో జరిగింది. అక్కడి ఆక్రోపోలిస్ కొండ ఉత్తరపు వాలులో ఒక బావిలో దాదాపు 190 పెంకులు దొరికాయి, అన్నిటి మీదా థెమిస్టోక్లీస్ అనే నాయకుడి పేరే. చేతిరాత చూస్తే రాసింది పద్నాలుగు మంది. ముందే రాసిపెట్టుకుని ఓటర్లకు పంచాలనుకున్నారన్నమాట.

ఆ ఓటు పోయింది, మాట మిగిలింది. ఇప్పుడు ఆస్ట్రసైజ్ అంటే కాగితం మీద ఏ ఉత్తర్వూ లేకుండా నలుగురూ పలకరించడం మానేయడం. ఉత్తర్వు ఉంటే ఈ మాట వాడకూడదు. మన 'వెలివేయడం' దీనికి దగ్గరే ('వెలి' అంటే బయట అనే), కానీ వెలి వెనక తరచు కుల పెద్దల తీర్పు ఉంటుంది, ఆస్ట్రసైజ్‌కు అది అక్కర్లేదు. మధ్యలో ఉన్న 'సి' అక్షరాన్ని 'స'గానే పలకాలి.

బాయ్‌కాట్ ఈ ఆస్ట్రసైజ్ అన్న మాట పనికిరాక పుట్టింది. 1880లో ఐర్లండ్‌లోని మేయో కౌంటీలో చార్ల్స్ బాయ్‌కాట్ అనే కెప్టెన్ ఒక జమీందారు తరఫున కౌళ్లు వసూలు చేసేవాడు. రైతులు ఒక్కటై అతని పొలంలో పనికి, ఇంట్లో పనికి వెళ్లడం మానేశారు, దుకాణాలు సరుకు అమ్మలేదు. పంట కోయడానికి బయటి నుంచి 50 మంది వచ్చారు, వాళ్ల కాపలాకు దాదాపు వెయ్యిమంది సైనికులు, పోలీసులు. జేమ్స్ రెడ్‌పాత్ అనే విలేఖరి రాసినదాని ప్రకారం, దీనికి ఏ పేరు పెట్టాలా అని అతను తలపట్టుకుంటే, ఆస్ట్రసిజం అంటే రైతులకు అర్థం కాదు, బాయ్‌కాట్ అందామని స్థానిక మతగురువు ఫాదర్ ఓమాలీ సలహా ఇచ్చాడు. వ్యాకరణంలో ఒక్కటే జాగ్రత్త: క్రియకు నేరుగా కర్మ వస్తుంది. 'బాయ్‌కాట్ ద మీటింగ్' సరి, మధ్యలో 'ఎగెనెస్ట్' పెట్టకూడదు. 'బాయ్‌కాట్' నామవాచకమైతే 'ఆఫ్' వస్తుంది.

బ్లాక్‌బాల్ అంటే రహస్య ఓటింగులో నల్ల గోళీ వేసి కొత్త సభ్యుణ్ణి రానివ్వకపోవడం. బాలట్ అన్న మాటకే చిన్న గోళీ అని అర్థం. లోపల ఉన్నవాణ్ణి బ్లాక్‌బాల్ చేయలేరు.

అవుట్‌కాస్ట్ విషయంలో మనకు ప్రత్యేకంగా ఒక గుంట ఉంది. అందులోని కాస్ట్ నార్స్ 'కస్త', విసరడం. కులం అర్థమిచ్చే కాస్ట్ పోర్చుగీసు 'కస్త' నుంచి వచ్చింది, దానికి వంశమని అర్థం. రెండూ వేరు వేరు మాటలు. చివర ఇ అక్షరం లేకపోతే సంఘం విసిరేసినవాడు, ఉంటే కులం నుంచి వెలిపడ్డవాడు. కుల సందర్భం లేనిచోట ఇ పెడితే లేని విషయం అంటగట్టినట్టే. పరయా అన్న ఇంగ్లీషు మాట తమిళంలో పరై అనే డప్పు వాయించే కులం పేరు నుంచి వెళ్లింది. 'పరయా స్టేట్' అని పత్రికలు తేలిగ్గా రాసేస్తాయి. ఒక కులం పేరును తిట్టుగా వాడడం అది, మానుకుంటేనే మేలు. ఐసొలేటెడ్ అంటే సరిపోతుంది.

ఉద్యోగం, మతం

మనవాళ్లు 'ఉద్యోగం ఊస్టింగే' అనే ఆ ఊస్టింగ్ ఇంగ్లీషులో ఔస్ట్. ఉచ్చారణ 'ఔ'తో. అధికారంలో ఉన్నవాణ్ణి కూలదోసి కుర్చీ లాక్కోవడం దాని పని. గుమాస్తాను ఔస్ట్ చేయరు, అధ్యక్షుణ్ణి చేస్తారు. దీనికి తెలుగులో 'ఉద్వాసన పలకడం' అచ్చంగా అతుకుతుంది. పూజ చివర దేవుణ్ణి మర్యాదగా సాగనంపే మాట పత్రికల్లో పదవి పీకడానికి వచ్చిందంటే, అర్థాలు జారడంలో మనమూ తక్కువ తినలేదు. తప్పు చేసినందుకు తీసేస్తే ఫైర్ లేదా డిస్మిస్. పని లేక తీసేస్తే లే ఆఫ్. రెజ్యుమెలో ఈ రెండూ తారుమారైతే చేయని తప్పు ఒప్పుకున్నట్టే. సైన్యం నుంచి అవమానకరంగా తీసేయడం కాషియర్; డబ్బులు లెక్కపెట్టే కాషియర్‌కు దీంతో చుట్టరికం లేదు, అది ఫ్రెంచ్‌లో విరగ్గొట్టడం అన్న మాట నుంచి వచ్చింది.

ఎక్స్‌కమ్యూనికేట్ అంటే మత సంఘం నుంచి వెలివేయడం, ముఖ్యంగా చర్చి మాట. ఎక్సార్సైజ్ అంటే దెయ్యాన్ని వదిలించడం. ఇందులో వెళ్లగొట్టడం అన్న ముక్కే లేదు, గ్రీకు 'హోర్కోస్', ఒట్టు ఉంది. దెయ్యం మీద ఒట్టు పెట్టి పొమ్మనడం. వ్యాయామం ఎక్సర్‌సైజ్‌లో ఇ ఉన్నచోట దీనిలో ఓ ఉంటుంది, అంతే తేడా.

పట్టు చూసుకోవడానికి

డిక్షనరీ తీసి పుట్టుక చూసేటప్పుడు ఒక గుర్తు గమనించండి: మాట ముందు చుక్కగుర్తు ఉంటే అది ఎక్కడా రాసి దొరకలేదు, పండితులు ఊహించి కట్టిన రూపం. తర్వాత అర్థాల వరసలో మొదటిదీ చివరిదీ పక్కపక్కన రాసుకోండి. రెండింటి మధ్య దూరం ఎక్కువైతే ఆ మాటకు ఎర్ర గీత పెట్టండి.

ఇప్పుడు ఈ అయిదింటికీ మాటలు వెతకండి. అద్దె బకాయి పడ్డాడని ఉత్తర్వు తెచ్చి ఖాళీ చేయించారు: ఎవిక్ట్. వీసా గడువు దాటిందని విమానం ఎక్కించి పంపేశారు: డిపోర్ట్. వేరే దేశంలో హత్య కేసు ఉందని ఆ దేశపు పోలీసుల చేతికిచ్చారు: ఎక్స్‌ట్రడైట్. ఆఫీసులో ఆమెతో ఎవరూ మాట్లాడరు, టీకి పిలవరు: ఆస్ట్రసైజ్. సైన్యం తిరగబడి అధ్యక్షుణ్ణి దించేసింది, ఆయన పక్క దేశంలో పదేళ్లుగా తలదాచుకుంటున్నాడు: కామాకు ముందు ఔస్ట్, తర్వాత ఇన్ ఎక్సైల్.